మూడు వారాలు మిగిల్చిన దుంప

నవంబర్ నెల మా గోవింద్‌పూర్ బజారులో ఆలూకు గడ్డుకాలం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారానికీ టెల్కోకూ పనికి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగిళ్లలోనూ, పక్కనే ఉన్న బిహారీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ ఇళ్లలోనూ ఆలూ లేని రోజు దాదాపు ఉండదు. ఆ ఆలూలో ఎక్కువ భాగం బెంగాల్ నుంచి లారీల్లో వస్తుంది. అక్కడ ప్రధాన పంటను ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్వి కోల్డ్ స్టోరేజీలకు ఎక్కిస్తారు. ఏడాదంతా తిన్నాక నవంబర్ నాటికి ఆ నిల్వలు అడుగంటుతాయి, ధర పెరుగుతుంది. 2024లో బెంగాల్ ప్రభుత్వం తన రాష్ట్రంలో ధర అదుపు చేయడానికి జూలై చివర ఒకసారి, నవంబర్ చివర మరోసారి బయటి రాష్ట్రాలకు వెళ్లే ఆలూ లారీలను సరిహద్దులో ఆపేసింది. జార్ఖండ్ ప్రభుత్వం బెంగాల్‌తో మాట్లాడాల్సి వచ్చింది. ఇన్ని రాష్ట్రాల వంటిళ్లు ఫిబ్రవరిలో తవ్విన దుంప మీదే ఏడాదంతా ఆధారపడితే ఏమవుతుందో ఆ రెండుసార్లూ తేటతెల్లమైంది.

ఈ చిక్కుకు నేలలోనే ఒక జవాబు ఉంది. అక్టోబర్ మొదట్లో నాటితే డిసెంబర్‌లోనే తవ్వుకోగలిగిన దుంప అది. డిసెంబర్‌లో తవ్వేది ఏ దుంపైనా సరిపోదు. తొందరగా తవ్వినా బుట్ట నిండాలి, లేకపోతే రైతు దాని జోలికి పోడు. ‘తొందరగా’, ‘ఎక్కువగా’ అనే ఈ రెండు మాటలను ఒకే మొక్కలో కలపడానికి మన శాస్త్రవేత్తలకు దశాబ్దాలు పట్టింది. రైతుకు మూడు నాలుగు వారాలు మిగల్చడం కోసం ఒక సంస్థ తన ఏళ్లకు ఏళ్లు ఎలా ధారపోసిందో చెప్పుకోవలసిన కథ ఇది.

పగటి పొడవు పెట్టిన పరీక్ష

దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పుట్టిన బంగాళాదుంప మన దేశానికి యూరప్ మీదుగా వచ్చింది. మధ్యలో యూరప్‌లో గడిపిన కాలం దాని స్వభావాన్ని మార్చేసింది. అక్కడ పంట కాలం వేసవి. పగలు పదహారు గంటల దాకా సాగుతుంది, పంట నాలుగైదు నెలలు నేలలో ఉంటుంది. అక్కడి రకాలన్నీ ఆ దీర్ఘమైన పగటికి అలవాటు పడినవే.

మన దేశంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆలూ పండేది ఉత్తరాది మైదానాల్లో, శీతాకాలంలో. అప్పుడు పగలు పది, పదకొండు గంటలే. చలి ఉండేది మూడు నెలలు. రాత్రి చల్లగా ఉంటేనే దుంప ఊరుతుంది. రాత్రి ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు దాటితే మొక్క ఆకు పెంచుకుంటుంది తప్ప దుంప కట్టదు. కాబట్టి అక్టోబర్ ఉక్కపోత తగ్గినప్పటి నుంచి ఫిబ్రవరి ఎండ ముదిరేలోపు కథంతా ముగిసిపోవాలి.

యూరప్ రకాలను తెచ్చి ఇక్కడ నాటితే రెండు దెబ్బలు తగిలాయి. పొట్టి పగటిని చూసి మొక్క ఎదగకముందే దుంప కట్టడానికి తొందరపడేది. ఆకు చాలక దిగుబడి పడిపోయేది. రెండో దెబ్బ వైరస్‌ది. పేనుబంక ఒక మొక్క నుంచి మరో మొక్కకు వైరస్‌ను మోసుకుపోతుంది. ఆ వైరస్ దుంపలో నిలిచి, ఆ దుంపే విత్తనమై మరుసటి ఏడు పొలమంతా పాకుతుంది. నాలుగైదు ఏళ్లలో ఎంత మంచి రకమైనా నీరసించిపోయేది. రైతులు ఫుల్వా, డార్జిలింగ్ రెడ్ రౌండ్ వంటి పాత నాటు రకాలతోనే నెట్టుకొచ్చారు. అవి వేడికీ నిల్వకూ తట్టుకున్నాయి గానీ దిగుబడి తక్కువ, కాలం ఎక్కువ.

1949-50లో దేశమంతటా ఆలూ సాగు 2.34 లక్షల హెక్టార్లు, పంట సుమారు 15.4 లక్షల టన్నులు. అంటే ఎకరాకు ఇరవై ఏడు క్వింటాళ్లు కూడా లేదు.

కొండ మీద పూసిన పువ్వు

కొత్త వంగడం కావాలంటే రెండు రకాలను కలపాలి. కలపాలంటే పువ్వు కావాలి. మైదానంలో చలికాలపు పొట్టి పగటిలో ఆలూ మొక్క సరిగా పూయదు, పూసినా కాయ నిలవదు. పువ్వు కోసం కొండెక్కక తప్పలేదు.

1935లో అప్పటి ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధన సంస్థ కింద సిమ్లాలో ఆలూ ప్రజనన కేంద్రం, కుఫ్రీలోనూ కుమావూఁ కొండల్లోని భవాలీలోనూ విత్తన కేంద్రాలు మొదలయ్యాయి. కుఫ్రీ సిమ్లాకు దగ్గర్లో సుమారు 2,500 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. అక్కడ వేసవిలో పగలు పొడుగ్గా, గాలి చల్లగా ఉంటుంది. ఆలూ మొక్క నిండుగా పూస్తుంది. 1949లో పట్నాలో కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఏర్పడింది. దాని రూపకల్పనలో పాలుపంచుకున్న ఎస్. రామానుజం మొదటి సంచాలకుడయ్యారు. సంకరం చేసే పని కొండ మీదే జరగాలి కనుక 1956లో ప్రధాన కార్యాలయాన్ని సిమ్లాకు మార్చారు. ఈ సంస్థ విడుదల చేసిన రకాలకు ముందు ‘కుఫ్రీ’ అన్న ఊరి పేరు చేరడం అప్పటి నుంచి ఆనవాయితీ.

సంకరం చేతి పని. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజే సన్నని పట్టకారుతో విప్పి అయిదు కేసరాలనూ తీసేస్తారు. తర్వాత తండ్రిగా ఎంచుకున్న మొక్క పుప్పొడిని ఆ పువ్వు కీలాగ్రానికి అద్దుతారు. పువ్వుకు చీటీ కడతారు. అది నిలిస్తే చిన్న టమాటా అంత పచ్చి కాయ కాస్తుంది. ఒక్కో కాయలో వందకు పైగా నలుసంత గింజలు ఉండవచ్చు.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. సాగులో ఉన్న ఆలూ కణంలో క్రోమోజోములు నాలుగు సమితులుగా 48 ఉంటాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఏ భాగం ఏ గింజలోకి వెళుతుందో ముందు చెప్పలేం. ఒకే కాయలోని వంద గింజల నుంచి వంద వేర్వేరు మొక్కలు పుడతాయి. ఒకటి తొందరగా దుంప కడుతుంది గానీ దుంపలు గోలీకాయలంత. మరొకటి పెద్ద దుంపలు ఇస్తుంది గానీ నాలుగు నెలలు ఆగమంటుంది. ఇంకొకటి అన్నీ బాగుండి తెగులుకు లొంగిపోతుంది. వేల మొక్కల్లో కావలసిన ఒక్కదాన్ని పట్టుకోవడమే ప్రజననకారుడి విద్య.

అలా ఒక్కటి దొరికిందా, ఇక దానికి గింజలతో పని లేదు. దుంపను నాటితే అచ్చం అదే మొక్క మళ్లీ వస్తుంది. దుర్లభమైన ఆ ఒక్క మొక్క లక్షల ఎకరాలకు తల్లి కాగలదు. ఆలూ ప్రజననంలో ఇంత కష్టానికీ ఇంత ఆశకూ కారణం ఇదే.

మైదానంలోనే విత్తనం

కొండ మీద సంకరం చేయవచ్చు. కానీ మైదానపు రైతుకు కావలసిన మొక్కను కొండ మీద ఎంచితే ఎలా? అక్కడి పొడుగు పగటిలో బాగా పండినది ఇక్కడి పొట్టి పగటిలో నిరాశపరచవచ్చు. ఎంపిక కూడా మైదానంలోనే జరగాలి. కానీ మైదానంలో రెండు మూడేళ్లు పెంచేసరికి వైరస్ చేరి, మొక్క బలహీనత రక్తంలోదో రోగానిదో తెలియకుండా పోయేది.

విత్తన దుంపలకూ అదే తిప్పలు. కొండ మీద సెప్టెంబర్, అక్టోబర్‌లలో తవ్విన దుంప నిద్రలో ఉంటుంది. కొత్తగా తవ్విన దుంప ఆరేడు వారాలు మొలకెత్తదు. దాన్ని ఆ నెలలోనే మైదానంలో నాటితే మొలక ఆలస్యమై, ఉన్న కాస్త చలికాలం చేజారిపోయేది.

రామానుజం తర్వాత సంస్థకు సంచాలకుడైన పుష్కర్‌నాథ్, ఆయన సహచరులు ఈ ముడిని విప్పారు. పేనుబంక ఏడాదంతా మైదానంలో ఒకేలా ఉండదని, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చాలా తక్కువగా ఉండి జనవరి నుంచి విజృంభిస్తుందని వారు పరిశీలనలో గుర్తించారు. అయితే విత్తన పంటను అక్టోబర్‌లో నాటి, పేనుబంక పెరిగేలోపే మొక్క పైభాగాన్ని నేలమట్టానికి కోసేస్తే? ఆకు లేకపోతే పురుగుకు చోటు లేదు, వైరస్ దుంపకు చేరే దారి లేదు. నేలలో ఉన్న దుంపలను కొన్నాళ్లు తొక్క ముదరనిచ్చి తవ్వి, కోల్డ్ స్టోరేజీలో దాచి, మళ్లీ అక్టోబర్‌లో నాటవచ్చు. 1950ల చివర రూపుదిద్దుకున్న ఈ విధానాన్నే ‘సీడ్ ప్లాట్ టెక్నిక్’ అంటారు. వంద ఆకుల మీద ఇరవై పేనుబంక పురుగులు కనిపించే స్థాయికి రాకముందే మొక్కను కోయాలన్నది అందులో ముఖ్య నియమం.

కొత్త యంత్రం లేదు, ఖరీదైన మందు లేదు. ప్రకృతిలో ఉన్న ఒక చిన్న సందును ఓపికగా చూసి పట్టుకున్న తెలివి అది. దానితో ఆరోగ్యమైన విత్తనం పంజాబ్, ఉత్తరప్రదేశ్, బిహార్ మైదానాల్లోనే తయారవడం మొదలైంది. కుఫ్రీలో పుట్టిన గింజను జలంధర్, మోదీపురం, పట్నా వంటి చోట్ల నాటి, అసలు రైతు పొలం పరిస్థితుల్లో ఏళ్ల తరబడి పరీక్షించే వీలు కలిగింది. మన దేశపు ఆలూ కథలో అతి పెద్ద ఆవిష్కరణ ఏదంటే నేను ఏ వంగడం పేరూ చెప్పను, దీన్నే చెబుతాను. ఇది లేకపోతే తర్వాత వచ్చిన ఏ రకమూ పదేళ్లు నిలిచేది కాదు.

చంద్రముఖి వేసిన దారి

1968లో కుఫ్రీ చంద్రముఖి విడుదలైంది. దాని తల్లి ‘4485’ అన్న సంఖ్య తప్ప పేరు లేని మొలక. తండ్రి కుఫ్రీ కుబేర్. కుబేర్ రక్తంలో ఆండీస్ కొండల దుంప జాతుల అంశ ఉంది. పొట్టి పగటిలో దుంప కట్టడం ఆ కొండల జాతులకు పుట్టుకతో వచ్చిన గుణం. చంద్రముఖి 80-90 రోజుల్లో పంటకు వచ్చింది. నున్నని తెల్లని దుంప, మంచి రుచి. నేటికీ బెంగాల్‌లోనూ మా జంషెడ్‌పూర్ బజార్లలోనూ చంద్రముఖి అంటే నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టడానికి కొనేవాళ్లు వెనకాడరు.

అదే ఏడాది కుఫ్రీ జ్యోతి కూడా వచ్చింది. అది చంద్రముఖి కంటే కాస్త ఆలస్యంగా పంటకు వచ్చేది, ఆకుమాడు తెగులుకు మాత్రం బాగా తట్టుకుంది. ఒకటి తొందరలో గెలిచింది, రెండోది తెగులు మీద గెలిచింది. రెండూ ఒకే మొక్కలో ఎందుకు కుదరలేదు?

దీనికి లోతైన కారణం ఉంది. ఆలూలో తొందరగా పంటకు రావడం, ఆకుమాడును తట్టుకోవడం తరచు ఒకదానికొకటి ఎదురు నిలిచే గుణాలు. త్వరగా ముదిరే మొక్క తెగులుకు త్వరగా లొంగుతుంది. తట్టుకునే మొక్క ఎక్కువగా ఆలస్యంగా ముదిరేదై ఉంటుంది. పైగా తెగులు తానూ మారుతుంది. జ్యోతి తట్టుకునే శక్తి కూడా కాలం గడిచేకొద్దీ సడలింది.

అరవై రోజులకు తవ్వి చూడడం

మొక్క దుంప కట్టాలని ఎలా నిర్ణయించుకుంటుందో చాలాకాలం అంతుపట్టలేదు. పగటి పొడవును కొలిచేది ఆకు, దుంప కట్టేది నేలలోని కొమ్మ. మధ్య ఏదో కబురు వెళుతుందని మాత్రం తెలుసు. 2011లో ఆ కబురు మోసే ప్రోటీన్‌ను గుర్తించారు. దాని పేరు ఎస్‌పీ6ఏ. 2013లో అయిదో క్రోమోజోము మీద ఉన్న సీడీఎఫ్1 అనే జన్యువు మొక్క ముదిరే కాలాన్ని శాసిస్తుందని తేలింది. 2011లోనే ఆలూ జన్యుపటం పూర్తిగా వెలువడింది. ఆ అంతర్జాతీయ కృషిలో మన సిమ్లా సంస్థ కూడా భాగస్వామి.

కానీ మన ప్రజననకారులు ఈ జన్యువుల పేర్లు తెలియకముందే పని మొదలుపెట్టారు. వారి చేతిలో ఉన్నది గునపం, త్రాసు. దిగుబడి అంటే దుంప రోజుకెంత ఊరుతుంది, ఎన్ని రోజులు ఊరుతుంది అనే రెండింటి లబ్ధం. రోజులు తగ్గించి దిగుబడి నిలబెట్టాలంటే రోజువారీ ఊరే వేగం పెరగాలి. అందుకని త్వరిత రకాల పరీక్షల్లో ఒకే వంగడాన్ని వేర్వేరు గడువులకు, 60 రోజులకు ఒక భాగం, 75 రోజులకు ఒక భాగం తవ్వి తూచారు. తొంభై రోజులకు మురిపించేది అరవై రోజులకు తేలిపోతే పక్కన పెట్టారు.

ఇందులో ఏ మెట్టూ తొందరగా సాగదు. గింజ నుంచి వచ్చిన మొక్క మొదటి ఏడు కాసిని చిన్న దుంపలు ఇస్తుంది. వాటిని నాటి రెండో ఏడు కొన్ని మొక్కలు చూస్తారు, మూడో ఏడు ఒక చిన్న మడి. ఎకరం నాటడానికి పది, పన్నెండు క్వింటాళ్ల విత్తన దుంప కావాలి కనుక ఒక మొక్క నుంచి పొలానికి ఎదగడానికే ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత 1971లో మొదలైన అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం కింద వివిధ రాష్ట్రాల్లో పరీక్షలు, రైతుల పొలాల్లో పరీక్షలు, అప్పుడు విడుదల. మొత్తం పది, పన్నెండేళ్లకు తక్కువ కాదు. ఈ దారిలో వేల మొలకలు రాలిపోతాయి. వాటిని నాటి, నీళ్లు పెట్టి, తవ్వి, తూచి, పుస్తకంలో రాసిన పొలం కూలీల పేర్లు ఏ విడుదల పత్రంలోనూ ఉండవు. వంగడం మాత్రం వారందరిదీ.

పుఖ్‌రాజ్

1996లో 70-80 రోజుల్లో పంటకు వచ్చే కుఫ్రీ అశోక, 1998లో కుఫ్రీ పుఖ్‌రాజ్ విడుదలయ్యాయి. పుఖ్‌రాజ్ తల్లి క్రెయిగ్స్ డిఫయన్స్ అనే పాత స్కాట్లాండ్ రకం. తండ్రి జేఈఎక్స్/బీ-687 అన్న సంకేతమే పేరుగా ఉన్న వంగడం. పసుపు ఛాయ తొక్క, లేత పసుపు కండ, కోడిగుడ్డు ఆకారం. 70 నుంచి 90 రోజుల్లో తవ్వవచ్చు. మంచి యాజమాన్యంలో ఎకరాకు 140 నుంచి 160 క్వింటాళ్లు ఇస్తుంది. ఆకుమాడును కూడా ఒక మోస్తరుగా తట్టుకుంది. ఏళ్లుగా ఎదురెదురుగా నిలిచిన గుణాలను ఒకే మొక్కలో కొంతవరకైనా రాజీ చేసిన దుంప ఇది.

పంజాబ్‌లోని దోఆబా రైతులు దీన్ని ముందుగా అందుకున్నారు. వరి కోసిన వెంటనే నాటి, డిసెంబర్‌లో తవ్వి అదే పొలంలో గోధుమో, వసంతకాలపు మొక్కజొన్నో, పొద్దుతిరుగుడో వేసుకున్నారు. నేల అదే, ఏడాది అదే, చేతికి మాత్రం ఇంకో పంట వచ్చింది. గుజరాత్, ఉత్తరప్రదేశ్, బిహార్, బెంగాల్, అస్సాం రైతులూ దీన్ని అందుకున్నారు. ఇటీవలి అంచనాల ప్రకారం దేశంలో ఆలూ సాగయ్యే నేలలో దాదాపు మూడో వంతు ఈ ఒక్క రకానిదే. నిల్వలు అడుగంటే వేళ ఉత్తరాది నుంచి బజారుకు వచ్చే పలుచని తొక్క కొత్త ఆలూ వెనక ఇలాంటి త్వరిత రకాలే ఉన్నాయి.

దానికి పరిమితులూ ఉన్నాయి. పుఖ్‌రాజ్‌లో పిండి పదార్థం తక్కువ, నీరు ఎక్కువ. చిప్స్‌కు పనికిరాదు. చిప్స్ కోసం అదే 1998లో చిప్సోనా రకాలు వేరే వచ్చాయి. ముద్దకూర రుచి తెలిసినవాళ్లు ఇప్పటికీ చంద్రముఖినే అడుగుతారు. తొందరగా తవ్విన దుంప తొక్క లేతగా ఉండి ఊడిపోతుంది కనుక తవ్వడానికి పది, పదిహేను రోజుల ముందే పైభాగం కోసి తొక్కను ముదరనివ్వాలి. ఒకే రకం మూడో వంతు నేలను ఆక్రమించడమూ మంచిది కాదు. ఆకుమాడు రూపం మార్చుకుని దాన్ని లొంగదీసుకున్న ఏడు నష్టం దేశమంతటా ఒకేసారి పడుతుంది.

అందుకే పని ఆగలేదు. 2006లో వేడిని తట్టుకునే కుఫ్రీ సూర్య వచ్చింది. రాత్రులు ఇరవై డిగ్రీల దగ్గర ఉన్నా అది దుంప కడుతుంది. 2008లో పుఖ్‌రాజ్‌నే తండ్రిగా చేసుకుని కుఫ్రీ ఖ్యాతి వచ్చింది. అరవై రోజులకే తవ్వదగిన దిగుబడి దాని గొప్ప. ఈ సంస్థ నుంచి ఇప్పటికి అరవైకి పైగా రకాలు వెలువడ్డాయి. ఎకరాకు ఇరవై ఏడు క్వింటాళ్లు లేని దేశం నేడు సగటున వంద క్వింటాళ్లు తీస్తోంది. ఏటా అయిదారు కోట్ల టన్నులతో చైనా తర్వాత రెండో స్థానంలో నిలిచింది.

చలికాలం పొట్టిగా ఉన్న నేలలకు

ఈ త్వరిత రకాల అవసరం ఉత్తరాది మైదానాల కంటే పీఠభూములకు ఎక్కువని నా నమ్మకం. తెలంగాణలో ఆలుగడ్డ పండించే జహీరాబాద్ ప్రాంతానికైనా, ఉర్లగడ్డ పండించే చిత్తూరు జిల్లా పలమనేరు, వి.కోట ప్రాంతాలకైనా, మా ఛోటానాగ్‌పూర్ పీఠభూమికైనా గంగామైదానానికి ఉన్నంత దీర్ఘమైన చలి లేదు. ఇక్కడ ఒక్క వారం కూడా విలువైనదే. వాతావరణం వేడెక్కుతున్నకొద్దీ ఆ కాస్త చలీ ఇంకా కుదించుకుపోతుంది. అరవై, డెబ్బై రోజుల దుంప, వేడి రాత్రిని తట్టుకునే దుంప ఈ నేలలకు బతుకుతెరువుతో ముడిపడిన అవసరం.

వంగడం పుట్టినంత మాత్రాన అది పొలానికి చేరదు. ఆలూ సాగు ఖర్చులో పెద్ద భాగం విత్తనానిదే. దక్షిణాది, తూర్పు రాష్ట్రాల రైతుకు అది ఎక్కువగా ఉత్తరాది నుంచే రావాలి. దూరం నుంచి వచ్చిన విత్తనం ఖరీదెక్కుతుంది, ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు రోగంతో వస్తుంది. పది రోజులు ఆలస్యంగా అందిన విత్తనం త్వరిత రకానికున్న మేలును మొదటి రోజే తినేస్తుంది. పుష్కర్‌నాథ్ బృందం గంగామైదానంలో పేనుబంక లేని కాలాన్ని వెతికినట్లే, మన పీఠభూముల్లోనూ విత్తనానికి అనువైన చోటూ కాలమూ వెతికి, స్థానికంగా ఆరోగ్యమైన విత్తనం తయారు చేసుకోవాలి. జార్ఖండ్ ప్రభుత్వమైనా, తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలైనా పొరుగు రాష్ట్రంతో లారీల గురించి మాట్లాడే శ్రద్ధలో కొంత ఈ పని మీద పెడితే ఫలితం శాశ్వతంగా ఉంటుంది.

ఇంకొక మాట. పన్నెండేళ్ల తర్వాత ఫలితం చూపే పనికి డబ్బు పెట్టే ఓపిక వ్యాపారికి అరుదు. ఒకసారి కొన్న దుంపను రైతు దాచుకుని మళ్లీ నాటుకోగలిగినప్పుడు ఆ ఓపిక ఇంకా తగ్గుతుంది. చంద్రముఖి, జ్యోతి, పుఖ్‌రాజ్, సూర్య, ఖ్యాతి అన్నీ ప్రజల డబ్బుతో నడిచిన సంస్థలో, జీతం తప్ప లాభం ఎరగని మనుషుల చేతుల్లో పుట్టాయి. ఇప్పుడు జన్యుపటం చేతిలో ఉంది కనుక మంచి మొలకను ముందే గుర్తుపట్టడం సులువవుతుంది. అయినా ఆ మొలకను మన నేలలో, మన చలిలో నాటి, అరవయ్యో రోజున తవ్వి తూచక తప్పదు. ఆ తూకానికి ఏటా డబ్బు కేటాయించడం, దానికి కావలసిన ఏళ్లు ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యత. నిలదీసి అడగడం ఏడాదంతా ఆలూ తినే మనందరి హక్కు.